పరగడుపున తీసుకురండి

మా అమ్మాయి నెలలు నిండాకే పుట్టింది. ఈ ముక్క ఇప్పటికి ఎంతమందికి చెప్పి ఉంటానో నాకే తెలీదు. నేను తాడేపల్లిగూడెం పోస్టాఫీసులో కౌంటరు వెనక కూర్చునే మనిషిని కాబట్టి, నన్ను ఏదైనా అడగొచ్చని జనం అనుకుంటారు. రిజిస్టరు పోస్టు కవరు లోపలికి తోస్తూ, నా వెనక బల్ల మీద హోంవర్కు రాసుకుంటున్న మా పిల్లని చూసి, "ఏడో నెల పిల్లాండీ?" అంటారు.

"కాదండి, నిండు నెలలే."

"మరి మీరు కడుపుతో ఉన్నప్పుడు సరిగ్గా తినలేదేమోనండి."

"తిన్నానండి. పిన్‌కోడు రాయలేదు, రాసివ్వండి."

నిజంగానే తిన్నాను. డాక్టరు రాసిచ్చిన మాత్రలన్నీ మింగాను. అయినా పిల్ల లోపల సరిగ్గా ఎదగలేదు. పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా లేదు. గట్టిగానే ఏడ్చింది, పాలు బాగానే తాగింది. "రెండేళ్ళు వచ్చేసరికి అందరితో సమానం అయిపోతుందండీ" అని అందరూ చెప్పారు. తర్వాత తెలిసింది, చాలామంది పిల్లలు అలాగే అయిపోతారట. మాది అవలేదు.

మా అత్తగారిది కొల్లేరు వైపు పల్లెటూరు. అక్కడ వాళ్ళకి చేపల చెరువులు ఉన్నాయి. మా ఆయన ఇక్కడి ఇంజనీరింగు కాలేజీలో లాబ్ టెక్నీషియను. ఇద్దరం ఉద్యోగాలకి పోతాం కాబట్టి, పిల్ల పుట్టిన మూడో నెలలో అత్తగారు మా ఇంటికి వచ్చేశారు. మామగారు చెరువుల దగ్గరే ఉండిపోయి, వారానికోసారి వచ్చి వెళ్ళేవారు. పిల్లని పెంచింది అత్తగారే. ఇది నేను కృతజ్ఞతతోనే చెబుతున్నాను, పళ్ళు కొరుక్కుంటూ కూడా చెబుతున్నాను.

ఆవిడ లెక్కలో పిల్ల చిన్నగా ఉండటానికి ఒకటే కారణం, తిండి చాలకపోవడం. రాగిజావలో నెయ్యి, నెయ్యిలో అన్నం, అన్నంలో చేప, ఆ పైన అరటిపండు, సాయంత్రానికి సున్నుండ. పిల్లకి మూడేళ్ళు వచ్చేసరికి బుగ్గలు వచ్చాయి, పొట్ట వచ్చింది. ఎత్తు మాత్రం రాలేదు. ఆ బుగ్గలు చూసి నేనూ మురిసిపోయాను. తప్పు ఒక్క ఆవిడదే అంటే అబద్ధం అవుతుంది. ఆదివారాలు సున్నుండ పెట్టింది నేనే.

బడిలో వేశాక అసలు కష్టం మొదలైంది. ఒకటో తరగతిలో బెంచీ మీద కూర్చుంటే దాని కాళ్ళు గాల్లో వేలాడేవి. స్కూలు వార్షికోత్సవంలో ప్రతి ఏడూ దానికి కుందేలు వేషమే ఇచ్చేవారు. మూడోసారి కూడా ఆ తెల్లటి చెవులు ఇంటికి తెచ్చి, మంచం మీద పడేసి, "అమ్మా, నేను మనిషి వేషం ఎప్పుడు వేస్తానే?" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాను.

ఆ నెలలోనే ఏలూరు వెళ్ళాం. విజయవాడ నుంచి నెలకోసారి అక్కడికి పిల్లల హార్మోన్ల డాక్టరుగారు ఒకావిడ వస్తారు. ఆవిడ పిల్లని గోడకి ఆనించి కొలిచి, తూచి, నా కొంగు పట్టుకుని నిలబడ్డ దాన్ని చూసి నవ్వి, గీతలున్న ఒక కాగితం మీద చుక్క పెట్టారు. ఆ చుక్క అన్ని గీతల కంటే కిందనే ఉంది. వరసగా పరీక్షలు చేయించారు. హార్మోను లోపం లేదన్నారు. తక్కువ బరువుతో పుట్టి, నాలుగేళ్ళు దాటినా ఎత్తు అందుకోని పిల్లలకి గ్రోత్ హార్మోను ఇంజెక్షను ఇస్తారని, రోజూ ఒకటి చొప్పున, ఏళ్ళ తరబడి ఇవ్వాలని చెప్పారు.

"రోజూనాండీ?" అన్నారు మా ఆయన.

"రోజూనండి."

ఈ సంగతి మామగారికి ఫోనులో చెప్పడం నేను చేసిన మొదటి పొరపాటు. ఆయన వయసులో ఉన్నప్పుడు కైకలూరు దగ్గర ఒక హేచరీలో పనిచేశారు. అక్కడ తల్లి చేపలకి హార్మోను ఇంజెక్షను వేసి గుడ్లు పెట్టిస్తారు. ఆయన అంతా విన్నారు. తర్వాత, "అమ్మాయ్, ఆ ఇంజెక్షను మేం చేపలకి వేసేవాళ్ళం. సాయంత్రం వేస్తే తెల్లారేసరికి గుడ్లు పెట్టేసేయి. ఆడపిల్లకి అలాంటివి ఎందుకమ్మా?" అన్నారు.

"అది వేరు, ఇది వేరు మామయ్యగారూ."

"తలలో గ్రంథిలోంచి తీసేదే కదా?"

అదీ నిజమే, ఈ హార్మోను కూడా తలలోని గ్రంథిదే. కానీ ఒకే గ్రంథిలోంచి నాలుగైదు రకాల హార్మోన్లు వస్తాయనీ, ఎత్తు పెంచేది వేరు, గుడ్లు పెట్టించేది వేరు అనీ, ఇప్పుడు దీన్ని ప్రయోగశాలలో తయారుచేస్తారనీ ఆయనకి చెప్పడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. నాలుగో ఆదివారం ఆయన మళ్ళీ మొదటికి వచ్చారు.

పిల్లకి ఏడో ఏడు నడుస్తుండగా ఇంజెక్షను మొదలుపెట్టాం. పెన్నులాంటి పరికరం, చివర సన్నటి సూది. మా ఆయన సూది చూసి కుర్చీలో కూలబడ్డారు, కాబట్టి ఆ పని నాది. రాత్రి అన్నాలయ్యాక తొడకో, పొట్టకో వేసేదాన్ని. మొదటి వారం అది ఏడ్చింది. రెండో వారం నుంచి టీవీ చూస్తూ తొడ చాపేది. మందు ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డ మాత్రం కట్టకూడదు. ఒకసారి సెలవులకి అత్తగారి ఊరు వెళ్తే కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాలేదు. నేను అటు స్నానానికి వెళ్ళానో లేదో, మామగారు మందు పెన్నుని తీసుకెళ్ళి, చేపలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టెలో ఐసు ముక్కల నడుమ పాతిపెట్టేశారు. నేను చూసేసరికి అది గడ్డకట్టి ఉంది.

"చల్లగా ఉండాలన్నావుగా అమ్మాయ్. బొంబాయి దాకా చేప పాడవకుండా పోతుంది ఇందులో" అన్నారు గర్వంగా.

పెన్నుని పారేశాం. ఆయన్ని ఏమనగలను? నాకంటే ముందు పరిగెత్తి ఐసు తెచ్చింది ప్రేమతోనే కదా. ప్రేమతో పాడుచేసిన వాటిని తిట్టడానికి కూడా వీల్లేదు.

మందు మాత్రం పనిచేసింది. మొదటి ఏడాదిలోనే గౌన్లు మోకాళ్ళ పైకి వచ్చేశాయి. చెప్పులు రెండుసార్లు మార్చాం. బెంచీ మీద కూర్చుంటే దాని కాలి వేళ్ళు నేలకి తగిలాయని మాస్టారు చెబితే, ఆ పూట కౌంటరు దగ్గర ఎవరేం అడిగినా నవ్వుతూ జవాబిచ్చాను. కానీ ఎత్తుతో పాటు ఇంకో మార్పూ వచ్చింది. బుగ్గలు పోయాయి. పొట్ట పోయింది. చేతులు సన్నబడ్డాయి. ఆకలి మాత్రం రెట్టింపైంది. బడి నుంచి వస్తూనే గిన్నెలు తీసి చూసేది.

ఇక మా అత్తగారి గోల చూడాలి. "పిల్లని పీల్చేస్తోందమ్మాయ్ ఆ సూది. ఎలా ఉన్న పిల్ల ఎలా అయిపోయింది! ఎముకలు లెక్కపెట్టొచ్చు."

"కొవ్వు తగ్గి కండ వస్తోందట అత్తయ్యగారూ. మందు చేసే పనే అది. డాక్టరుగారు ముందే చెప్పారు."

"కండ ఏదీ? చూపించు."

నేను చూపించలేకపోయాను. ఎనిమిదేళ్ళ పిల్ల చేతిలో కండ ఎక్కడ చూపిస్తాం? ఆవిడ మళ్ళీ నెయ్యి గిన్నె తీశారు. నేను పెట్టొద్దన్నవన్నీ నేను ఆఫీసులో ఉండగా పెట్టేవారు. సాయంత్రం పిల్ల నోరు వాసన చూసి, బెల్లమో జీడిపప్పో కనిపెట్టే స్థితికి వచ్చాను. ఇంట్లో కస్టమ్స్ ఆఫీసరునైపోయాను.

రెండో ఏడాది మెడ వెనక నల్లగా ఒక చార కనిపించింది. అత్తగారు మురికి అనుకుని శనగపిండి పెట్టి రుద్దారు. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దారు. పిల్ల మెడ ఎర్రగా కందింది గానీ నలుపు పోలేదు. డాక్టరుగారు జడ పైకెత్తి చూసి, నా వైపు తిరిగి ఓపికగా చెప్పారు. ఆవిడకి ఉన్న ఓపికలో సగం నాకుంటే నా జీవితం వేరేలా ఉండేది.

"ఇది మురికి కాదమ్మా. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ తయారవుతోందని చెప్పే గుర్తు. మనం ఇచ్చే మందు ఇన్సులిన్ పనిని కొంచెం మందగింపజేస్తుంది. అందుకని శరీరం ఇంకాస్త ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుని సర్దుకుంటుంది. మామూలుగా షుగరు హద్దు దాటదు. మందు ఆపేశాక చాలామందిలో ఇదీ సర్దుకుంటుంది. కాకపోతే చిన్నగా పుట్టిన పిల్లలకి మందు వేసినా వెయ్యకపోయినా పెద్దయ్యాక షుగరు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. అందుకే కనిపెట్టుకుని ఉండాలి. చిన్నప్పుడు బొద్దుగా ఉండేదా?"

"ఉండేదండి."

"బరువు త్వరత్వరగా పెరగడం వీళ్ళకి మంచిది కాదమ్మా. ఎత్తు వేరు, బరువు వేరు." తర్వాత గొంతు మార్చకుండానే, "ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా?" అని అడిగారు.

నా పక్కనే కూర్చున్న అత్తగారు, "మా ఇంట్లో ఎవరికీ లేదండి" అన్నారు. నేనూ తల ఊపాను.

డాక్టరుగారు చీటీ రాసిచ్చారు. చక్కెర, ఇన్సులిన్, కొలెస్టరాలు, మూడు నెలల చక్కెర సగటు. కింద గీత గీసి, "పరగడుపున తీసుకురండి. మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు" అన్నారు.

పరగడుపున. ఆరు అక్షరాల మాట. ఈ మాటని మా ఇంట్లో అమలు చెయ్యడం కంటే ఎన్నికల డ్యూటీ నయం.

మొదటిసారి తెల్లారి లేచి, పిల్లకి స్నానం చేయించి, ఆటో పిలిచేసరికి అది గ్లాసు పట్టుకుని అడుగున మిగిలిన పాలు నాకుతోంది. "పాలు తిండి కాదుగా అమ్మాయ్" అన్నారు అత్తగారు. ఆటోని వెనక్కి పంపించేశాను. పెట్టిన సెలవు వృథా అయింది.

రెండోసారి నేను రాత్రే అందరికీ చెప్పాను. వంటింటి తలుపుకి గొళ్ళెం పెట్టాను. అత్తగారు మాతో వస్తానన్నారు. సరే, కళ్ళ ముందే ఉంటారులే అనుకున్నాను. పొద్దున్నే రైలెక్కాం. ఆఫీసు నుంచి ఫోను వస్తే, పెట్టెలో గోలగా ఉందని భీమడోలు దాటేదాకా నేను తలుపు దగ్గర నిలబడి మాట్లాడాను. వచ్చేసరికి ఇద్దరూ బుద్ధిగా కిటికీలోంచి చూస్తున్నారు. ఏలూరులో రక్తం ఇచ్చాం, ఇడ్లీ తిన్నాం, ఇంటికి వచ్చేశాం.

సాయంత్రం రిపోర్టు మా ఆయన ఫోనుకి వచ్చింది. పరగడుపు చక్కెర నూట నలభై దాటింది. ఆ అంకె లావు అక్షరాల్లో ఉంది. మా ఆయన దాన్ని ఇంటర్నెట్లో వెతికారు. ఇక చెప్పాలా? అరగంటలో పిల్లకి షుగరు జబ్బు ఖాయమైపోయింది. డాక్టరుగారు మళ్ళీ ఏలూరు వచ్చేది పన్నెండు రోజుల తర్వాత. ఆసుపత్రికి ఫోను చేస్తే, "మేడం వచ్చినప్పుడు చూపించండి" అంది అక్కడి అమ్మాయి.

మర్నాడు మామగారు చెరువుల దగ్గర్నుంచి ఉన్నపళంగా వచ్చారు. సోఫాలో కూర్చుని, "నేను ముందే చెప్పాను. మందు మేత పెట్టి పెంచిన చేప చూడ్డానికి బానే ఉంటుంది" అన్నారు. ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. చెయ్యకపోవడమే నాకు ఎక్కువ మండింది.

అత్తగారు అయితే ఏకంగా కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఆ సూదే తెచ్చింది షుగరు. ఆ సూదే. ఇంకెక్కడి నుంచి వస్తుంది?" ఈ మాట ఆ సాయంత్రం ఎన్నోసార్లు అన్నారు.

"డాక్టరుని అడగకుండా ఆపకూడదు" అన్నాను నేను.

"అడిగేదాకా ఆపుదాం" అన్నారు మా ఆయన.

"రెండేళ్ళు సూది గుచ్చింది నేను. ఏడిస్తే ఊరుకోబెట్టింది నేను. ఇప్పుడు ఆపడానికి మాత్రం అందరూ వచ్చేశారా?"

అంత గట్టిగా నేను ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. పిల్ల గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. అది చూసి నోరు మూసుకున్నాను. ఆ రోజు ఇంజెక్షను వెయ్యలేదు. ఆ తర్వాత పది రోజులూ వెయ్యలేదు. నాకూ లోపల భయంగానే ఉంది మరి. నేనే చేజేతులా పిల్లకి జబ్బు తెచ్చానేమో అని, ఆ రోజుల్లో ఎవరికైనా స్టాంపులు ఇస్తూ కూడా అదే ఆలోచన.

పన్నెండో రోజు నలుగురం డాక్టరుగారి గదిలో కూర్చున్నాం, నేనూ, మా ఆయనా, అత్తగారూ, పిల్లా. ఆవిడ రిపోర్టు చూసి కనుబొమ్మలు ముడిచారు.

"మూడు నెలల సగటు మామూలుగానే ఉంది కదమ్మా. నిజంగా చక్కెర ఇంతలా పెరిగి ఉంటే ఇది కూడా పెరగాలి. ఇదొక్కటే ఎందుకింత ఉంది?"

మూడు నెలల సగటు. ఆ అంకె అదే కాగితం మీద, నాలుగో వరసలో ఉంది. పన్నెండు రోజులుగా ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళం చేతులు మార్చుకుంటూ చదివిన కాగితం అది. లావు అక్షరాలు దాటి కిందికి ఒక్కరం కూడా చూడలేదు.

డాక్టరుగారు పిల్లని దగ్గరికి పిలిచారు. "ఆ రోజు పొద్దున్న ఏం తిన్నావమ్మా?"

పిల్ల నాన్నమ్మ వైపు చూసింది. నాన్నమ్మ ఫ్యాను వైపు చూశారు.

"ఏమీ తినలేదండి. పూతరేకులే."

"ఎన్ని?" అన్నారు డాక్టరుగారు.

"రెండు. నాన్నమ్మ సంచీలోవి. అమ్మ ఫోను మాట్లాడుతున్నప్పుడు."

"అది తిండి కాదండి డాక్టరుగారూ" అన్నారు అత్తగారు, "కాగితం లాంటిది. నోట్లో పెట్టుకుంటే ఉండనే ఉండదు. పిల్ల రాత్రి నుంచి పస్తులుంది, కళ్ళు తిరిగి పడిపోతుందేమోనని..."

డాక్టరుగారు పెన్ను బల్ల మీద పెట్టేశారు. నవ్వు ఆపుకోవడానికో, కోపం ఆపుకోవడానికో నాకు తెలీలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి ఇంజెక్షను పదకొండు రోజులు ఆపిందీ, ఇంట్లో నిప్పు పెట్టిందీ నేతిలో ముంచిన ఆ పంచదార కాగితమే. నాకు ఏడుపొచ్చింది. అక్కడే, అందరి ముందూ.

"మళ్ళీ చేయించండి" అన్నారు డాక్టరుగారు. "మందు ఇవాళ్టి నుంచి వెయ్యండి. ఒక్క అంకె చూసి మందు ఆపకండి. అనుమానం వస్తే ఫోను చెయ్యండి." ఈసారి తన నంబరే రాసిచ్చారు.

మూడోసారికి నేనొక నిర్ణయం తీసుకున్నాను. అత్తగారితో చెప్పాను, "ఈసారి మీరూ పరగడుపునే రావాలి. మీకూ పరీక్ష చేయిస్తాను. ఆకలంటే ఏంటో ఇద్దరూ కలిసి చూసుకుంటే సంచీలోంచి ఏమీ బయటికి రాదు."

"నాకెందుకమ్మాయ్ పరీక్ష? నేను రాయిలా ఉన్నాను."

"రాయికే చేద్దాం."

ఆవిడ రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. మోకాళ్ళ నొప్పి అన్నారు, ఊరెళ్ళాలన్నారు. అదంతా నా మీద అలక అనుకున్నాను. పట్టుబట్టి తీసుకెళ్ళాను. ఆవిడ చెయ్యి చాపి, సూది గుచ్చుతున్నంతసేపూ గోడ వైపు తిరిగి ఉన్నారు. పిల్ల ఆవిడ రెండో చెయ్యి పట్టుకుని, "ఏం కాదు నాన్నమ్మా, చీమ కుట్టినట్టుంటుంది" అంది.

చక్కెర అంకెలు అరగంటలోనే ఇస్తామన్నారు. వీధి చివర ఇడ్లీలు తిని తిరిగి వెళ్ళాం. పిల్లది తొంభై నాలుగు. నేను గట్టిగా ఊపిరి వదిలాను. రెండో కాగితం చేతిలోకి తీసుకున్నాను. మూడు వందల పన్నెండు.

పేర్లు తారుమారయ్యాయేమో అని మళ్ళీ చూశాను. వయసు చూశాను. తర్వాత అత్తగారి మొహం చూశాను. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు.

"మీకు ముందే తెలుసా?"

ఆవిడ బల్ల మీద కూర్చున్నారు. సంచీ ఒళ్ళో పెట్టుకున్నారు. "నాలుగేళ్ళ కిందట నేను ఊరెళ్ళినప్పుడు అక్కడ క్యాంపు పెట్టారు. అప్పుడు చెప్పారు. మాత్రలు ఇచ్చారు, నెల మింగాను. మా అన్నయ్యకి ఇదే జబ్బమ్మా. ముందు బొటనవేలు తీశారు. తర్వాత పాదం తీశారు. మంచంలోనే పోయాడు. మాత్రలు మింగుతుంటే రోజూ వాడే గుర్తొచ్చేవాడు. మానేశాను."

"మామయ్యగారికి?"

"చెప్పలేదు. కాగితం చెరువులో పడేశాను."

"మరి డాక్టరుగారు అడిగినప్పుడు ఎవరికీ లేదన్నారు కదండీ. అది పిల్లకి ఎంత ముఖ్యమో..."

"తెలుసు." ఆవిడ సంచీని దగ్గరికి లాక్కున్నారు. "అందుకే చెప్పలేదు. ఆవిడ అడిగేసరికే నాకు అర్థమైంది. పిల్లకి నా నుంచే వస్తుందంటారని. పెంచింది నేను, తినిపించింది నేను, మళ్ళీ రోగం కూడా నేనే ఇచ్చానంటే ఎలా అమ్మాయ్? తప్పు సూది మీద పడితే నా మీద పడదు కదా అనుకున్నాను."

రెండేళ్ళుగా పేరుకున్న కోపం అంతా ఉంది, ఎక్కడికీ పోలేదు. కానీ దాన్ని దించుకోవడానికి చోటు లేదు. చేతిలో మూడు వందల పన్నెండు పెట్టుకుని కూర్చున్న మనిషి మీద ఎలా అరుస్తాం? పైగా ఆవిడ చెప్పిన భయం నాకు కొత్తది కాదు. పన్నెండు రోజులు నేనూ అదే భయపడ్డాను, నా వల్లే వచ్చిందేమోనని. పిల్లకి ఏదైనా అయితే అది తన వల్ల కాకూడదని ఆ ఇంట్లో ప్రతి ఒక్కరం కోరుకున్నాం.

"రండి" అన్నాను. "పెద్దవాళ్ళ డాక్టరు కూడా ఈ వీధిలోనే ఉన్నారు."

"ఇవాళేనా?"

"ఇవాళే."

పిల్లకి విషయం సగమే అర్థమైంది. ఆ సగంతోనే అది రంగంలోకి దిగింది. ఆ సాయంత్రం నుంచి నాన్నమ్మ మాత్రల డబ్బా దాని చేతిలో ఉంది. అన్నం ముందు ఏ మాత్రో, తర్వాత ఏ మాత్రో డబ్బా మీద రంగు పెన్సిలుతో రాసింది. నేను చెబితే ఎదురు మాట్లాడే మా అత్తగారు, "నాన్నమ్మా, నోరు తెరు" అంటే తెరిచేవారు. రెండు నెలల తర్వాత మాత్రలు చాలవని డాక్టరు ఇన్సులిన్ రాశారు. ఆవిడ వద్దంటే వద్దన్నారు. పిల్ల తన పెన్ను తెచ్చి, పొట్ట మీద చర్మం ఎలా పట్టుకోవాలో తన మీదే చేసి చూపించింది. అయినా ఆవిడ వారం రోజులు మొండికేశారు. ఎనిమిదో రోజు ఒప్పుకున్నారు, అదీ పిల్ల గుచ్చితేనే అని. ఎనిమిదేళ్ళ పిల్లతో ఆ పని చేయించనని నేను, నువ్వు గుచ్చితే నొప్పి అని ఆవిడ. చివరికి నేనే గుచ్చుతున్నాను, పిల్ల పక్కన నిలబడి నా తప్పులు ఎంచుతుంది.

ఆవిడ మారిపోయారని చెప్పను. సున్నుండలు చెయ్యడం మానేశారు గానీ, ద్వారకా తిరుమల వెళ్ళొచ్చిన ప్రతిసారీ, "ప్రసాదాన్ని కాదనకూడదు" అంటూ లడ్డూ విప్పుతారు. చిటికెడు అంటారు. ఆవిడ చిటికెడు మా గుప్పెడు. మామగారు మాత్రం ఆ రోజు నుంచి మందు మేత చేపల ప్రస్తావన తేలేదు. తన భార్య నాలుగేళ్ళు దాచిన విషయం తెలిశాక, ఒక పూట చెరువు గట్టు మీద ఒంటరిగా కూర్చున్నారట. మర్నాడు ఊళ్ళో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి తన చక్కెర కూడా చూపించుకున్నారు. బాగానే ఉంది. ఆ కాగితాన్ని అద్దం పెట్టించి గోడకి తగిలిస్తారేమో అని భయపడ్డాను.

ఇప్పుడు పిల్లకి పదకొండేళ్ళు. పిల్లలందరి కంటే పొడుగేం కాదు, ఎత్తులో తరగతిలో చివరి నుంచి నాలుగో పిల్ల. అది చాలు. మెడ మీది చార కొంత వెలిసింది, పూర్తిగా పోలేదు. సాయంత్రం గంటసేపు కాలేజీ గ్రౌండులో వాళ్ళ నాన్నతో పరిగెడుతుంది. ఆయనకి రొప్పు వస్తుంది, దానికి రాదు.

అయితే కొత్త తలనొప్పి మొదలైంది. మా వీధిలో ఒకావిడ తన కూతుర్ని తీసుకొచ్చింది. ఆ పిల్ల వయసుకి తగ్గ ఎత్తే ఉంది. "మీ పాపకి వేయించే ఇంజెక్షను ఏదో చెప్పండి, మా దానికి కూడా ఓ రెండంగుళాలు వస్తే బావుంటుంది కదా" అంది. నేను చెప్పబోయేలోగా అత్తగారు లోపలి నుంచి వచ్చి, ఆవిడని కూర్చోబెట్టి, మందు ఇన్సులిన్‌ని ఏం చేస్తుందో, ఎవరికి ఇవ్వాలో, ఎవరికి అక్కర్లేదో, పరగడుపు అంటే ఏంటో ముప్పావుగంట చెప్పారు. డాక్టరుగారి మాటలే, అక్షరం పొల్లుపోకుండా. పూతరేకుల సంగతి మాత్రం చెప్పలేదు.

మొన్న పరీక్షకి ముగ్గురం వెళ్ళాం. చక్కెర బాగుంది, కొలెస్టరాలు బాగుంది, ఇన్సులిన్ ఇంకా కాస్త ఎక్కువే. డాక్టరుగారు మోతాదు కొద్దిగా తగ్గించి, ఆరు నెలల తర్వాత రమ్మన్నారు.

"ఇదెప్పుడు ఆపేస్తారండి?" అని పిల్ల అడిగింది.

"నువ్వు ఎత్తు పెరగడం ఆగిపోయాక."

"అప్పుడు రక్తం తియ్యడం కూడా ఆపేస్తారా?"

"తగ్గిస్తాం. పూర్తిగా ఆపం. పెద్దయ్యాక కూడా అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలి."

పిల్ల పెద్దగా నిట్టూర్చింది. అచ్చం నాలాగే. బయటికి వచ్చాక, "అంటే ఇది అయిపోదన్నమాట" అంది విసుగ్గా. అయిపోదని చెప్పాను. బుజ్జగించే ఓపిక లేదు. స్టేషనుకి వెళ్ళేసరికి మా రైలు కదిలిపోతోంది. తర్వాతది గంటన్నరకి గానీ లేదు. అత్తగారు ప్లాట్‌ఫారం మీద చోటు చూసుకుని కూర్చున్నారు. పిల్ల ఆవిడ పక్కన చేరి, బ్యాగులోంచి లెక్కల పుస్తకం తీసింది.